థైరాయిడ్ గడ్డ తీస్తే మాట ఎందుకు మారుతుంది?

మీ ప్రశ్న ముందు క్లుప్తంగా చెబుతాను, మిగతా చదివేవాళ్ళకీ తెలుస్తుంది. మీ అమ్మగారికి 54 ఏళ్ళు. మెడలో కుడివైపు థైరాయిడ్‌లో 4 సెంటీమీటర్ల గడ్డ ఉంది. సూది పరీక్షలో బెథెస్డా 4 అని, అంటే కాన్సరో కాదో సూదితో తేలని రకమని వచ్చింది. కుడి సగం తీసేద్దామన్నారు. సంతకానికి ఇచ్చిన కాగితంలో గొంతు మారవచ్చని, కాల్షియం తగ్గవచ్చని, ఊపిరి ఇబ్బంది రావచ్చని రాసి ఉంది. ఆవిడ గుడిలో కీర్తనలు పాడతారు, నలుగురు పిల్లలకి సంగీతం చెబుతారు. కాబట్టి ఆ మొదటి మాట దగ్గరే ఇంటిల్లిపాదీ ఆగిపోయారు. గ్రంథి తీస్తే గొంతుకేం సంబంధం, డాక్టరు తన చేతి మీద నమ్మకం లేక ముందే రాయించుకుంటున్నాడా, ఉప్పు మార్చి కొన్నాళ్ళు చూస్తే కరగదా? ఇవీ మీరు అడిగినవి.

తల, మెడ ఆపరేషన్లు చేస్తూ, మెడికల్ కాలేజీలో పిల్లలకి ఆ భాగం అనాటమీ చెబుతూ చాలా ఏళ్ళు గడిపినవాణ్ణి. ఆ కాగితంలో రాసింది డాక్టరు చేతి గురించి కాదు, మెడ నిర్మాణం గురించి. గొంతుని నడిపే నరం ఆ గ్రంథిని ఆనుకునే వెళ్తుంది. ఎంత నిపుణుడైనా దాన్ని పక్కకి జరిపి కొత్త దారి వెయ్యలేడు, దాన్ని వెతికి పట్టుకుని కాపాడుకోవాలి. ఆ దారి ఎలా ఉంటుందో తెలిస్తే మీ భయం సగం తగ్గుతుంది, డాక్టరుని ఏం అడగాలో కూడా తెలుస్తుంది.

అద్దం ముందు నిలబడి మీ గొంతు మీదే వేలు పెట్టుకోండి. గడ్డం కింద నుంచి వేలిని మెల్లగా కిందికి జార్చండి. ముందు తగిలే సన్నటి గట్టి వంపు హయాయిడ్ ఎముక. ఒంట్లో ఇంకే ఎముకతోనూ కీలు లేకుండా కండరాలతో, తంతువులతో వేలాడే ఎముక అదొక్కటే. దాని కింద, మగవాళ్ళకి ముందుకు పొడుచుకొచ్చి కనిపించేది థైరాయిడ్ మృదులాస్థి. అదిరి మాట పుట్టించే స్వరతంత్రులు దాని లోపల ఉంటాయి. ఇంకొంచెం దిగితే చిన్న పల్లం, దాని కింద ఉంగరంలా గుండ్రంగా ఉండే క్రైకాయిడ్ మృదులాస్థి. అక్కడి నుంచి శ్వాసనాళం మొదలవుతుంది. థైరాయిడ్ గ్రంథి ఈ శ్వాసనాళానికి రెండు పక్కలా రెండు భాగాలుగా ఉంటుంది. ఆ రెంటినీ కలిపే సన్నటి వంతెన శ్వాసనాళపు 2 నుంచి 4వ వలయాల మీదుగా అడ్డంగా పోతుంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు మొత్తం గ్రంథి బరువు 15 నుంచి 25 గ్రాములు. అంత చిన్నదానికి రెండు వైపులా రెండేసి ధమనులు రక్తం తెస్తాయి. పైది మెడలోని పెద్ద ధమని కొమ్మ నుంచి, కిందిది కంటె ఎముక వెనక ఉన్న సబ్‌క్లేవియన్ ధమని వైపు నుంచి వస్తుంది. ఈ రెండు ధమనులనీ గుర్తుపెట్టుకోండి, కథంతా వాటి చుట్టూనే ఉంది.

మీ అమ్మగారిని డాక్టరు నీళ్ళు గుటక వెయ్యమని అడిగి ఉంటారు. గ్రంథి వెనక భాగాన్ని క్రైకాయిడ్‌కీ శ్వాసనాళానికీ గట్టిగా కట్టిపెట్టే తంతువుల కట్ట ఒకటుంది, దాన్ని బెర్రీ లిగమెంట్ అంటాం. గుటక వేస్తే స్వరపేటిక, అంటే స్వరతంత్రులుండే ఆ మృదులాస్థుల పెట్టె, పైకి లేస్తుంది, దానికి కట్టి ఉంది కాబట్టి గ్రంథీ లేస్తుంది. మెడలో గడ్డ గుటకతో పాటు కదిలితే అది థైరాయిడ్‌దని చాలావరకు తేలిపోతుంది. స్కానింగులు లేని రోజుల్లో ఈ ఒక్క పరీక్షతో ఎంతో తేల్చేవాళ్ళు. నాలుక బయటికి చాపినప్పుడు కూడా గడ్డ పైకి లేస్తే అది సాధారణంగా థైరోగ్లాసల్ తిత్తి అయి ఉంటుంది. గర్భంలో ఈ గ్రంథి నాలుక మొదట్లో పుట్టి, మెడలోకి దిగుతూ, ఏడో వారానికి తన చోటికి చేరుతుంది. ఆ దిగిన దారి పూర్తిగా మూసుకుపోకపోతే అక్కడ తిత్తి కడుతుంది. అది మీ అమ్మగారి విషయం కాదు, వదిలేద్దాం. కానీ బెర్రీ లిగమెంట్‌ని వదలొద్దు. గ్రంథిని విడదీసేటప్పుడు చివరిగా కొయ్యవలసింది దాన్నే, నరం గ్రంథికి అతి దగ్గరగా ఉండేదీ అక్కడే.

ఇక నరం సంగతి. మెదడు అడుగు నుంచి బయలుదేరే పన్నెండు జతల కపాల నాడుల్లో పదోది వేగస్. పుర్రె అడుగున ఒక రంధ్రం గుండా బయటికొచ్చి, మెడలో పెద్ద ధమనీ, పెద్ద సిరా ఉన్న తొడుగులోనే వాటి మధ్య నుంచి దిగుతుంది. ఛాతీ, పొట్ట వరకూ వెళ్ళే పొడుగాటి నరం ఇది. స్వరపేటికకి కావలసిన కొమ్మల్ని ఇచ్చేది ఇదే. మెడలో స్వరపేటిక పక్క నుంచే వెళ్తోంది కదా, అక్కడే ఒక కొమ్మ ఇచ్చి పంపితే సరిపోయేది. అలా జరగదు. వేగస్ స్వరపేటికని దాటి కిందికి పోతుంది. ఎడమవైపు ఛాతీలోకి దిగి, గుండె నుంచి లేచే మహాధమని వంపు దగ్గర ఒక కొమ్మనిస్తుంది. ఆ కొమ్మ వంపు కింద నుంచి చుట్టుకుని, శ్వాసనాళానికీ ఆహారనాళానికీ మధ్య ఉన్న గాడిలో మళ్ళీ పైకి ఎక్కి స్వరపేటికకి చేరుతుంది. కుడివైపు అంత కిందికి పోదు. మెడ మొదట్లో సబ్‌క్లేవియన్ ధమనిని చుట్టి వెనక్కి తిరుగుతుంది. వెళ్ళి మళ్ళీ తిరిగొస్తుంది కాబట్టి దీనికి రికరెంట్ లారింజియల్ నరం అని పేరు. మందం సుమారు 2 మిల్లీమీటర్లు. స్వరతంత్రులని దగ్గరికి చేర్చే కండరాలూ, దూరం జరిపే కండరమూ దీని అదుపులోనే ఉంటాయి.

ఈ చుట్టుదారి ఎందుకొచ్చిందనేది పిండం పెరిగే తీరులో ఉంది. తొలి వారాల్లో గుండె మెడ దగ్గరే ఉంటుంది, మెడంటూ వేరుగా ఉండదు. అప్పుడు వరసగా ధమనుల వంపులుంటాయి. స్వరపేటికకి పోయే నరం వాటిలో ఆరో వంపు కింద నుంచి తిన్నగా వెళ్తుంది. తరవాత మెడ పొడుగవుతుంది, గుండె ఛాతీలోకి దిగుతుంది, ధమనులు దాంతో పాటు దిగుతాయి. వాటి కింద ఉన్న నరం వాటికి తగులుకుని కిందికి లాగబడుతుంది. ఎడమవైపు ఆ ఆరో వంపు బిడ్డ పుట్టేదాకా నిలిచి ఉంటుంది. కుడివైపు అది కరిగిపోతుంది కాబట్టి నరం ఒక మెట్టు పైనున్న వంపుకి తగులుకుంటుంది, అదే పెద్దయ్యాక సబ్‌క్లేవియన్ ధమని. జిరాఫీలోనూ ఇదే లెక్క. తల పక్క నుంచి బయలుదేరి ఛాతీదాకా దిగి మళ్ళీ ఎక్కాలి కాబట్టి దాని నరం కొన్ని మీటర్ల పొడుగుంటుంది. క్లాసులో పిల్లలకి ఈ భాగం చెప్పేటప్పుడు ఇప్పటికీ నాకు ఒళ్ళు పులకరిస్తుంది. కొన్ని వారాల పిండంలో జరిగిన సర్దుబాటు 54 ఏళ్ళ తరవాత ఒక మనిషి ఆపరేషన్‌లో ఏం జాగ్రత్త పడాలో చెబుతోంది.

ఈ నరానికీ గొంతుకీ సంబంధం ఉందని మొదట చూపించినవాడు గేలన్, క్రీస్తు శకం రెండో శతాబ్దంలో, రోమ్‌లో. అరుస్తున్న పంది మెడలో ఈ నరాలు కోసేస్తే అరుపు ఆగిపోయింది. మాట గుండె నుంచి వస్తుందని అప్పటి పండితుల్లో చాలామంది నమ్మేవాళ్ళు. మెదడు నుంచి వచ్చే నరమే మాటని నడుపుతోందని నలుగురి ముందూ చూపించాడు.

ఛాతీదాకా పోయి వస్తుందంటే మరో అర్థం కూడా ఉంది. గొంతు బొంగురుపోతే జబ్బు గొంతులోనే ఉండాలని లేదు. ఊపిరితిత్తి పైభాగంలో కాన్సర్, మహాధమని ఉబ్బడం, ఛాతీలో గ్రంథులు వాచడం, ఇవన్నీ ఎడమ నరాన్ని నొక్కి మొదట గొంతు ద్వారానే బయటపడవచ్చు. చిన్నప్పుడు వచ్చిన రుమాటిక్ జ్వరంతో గుండె ఎడమ గదుల మధ్య ఉండే మైట్రల్ కవాటం ఇరుకై, గుండె ఎడమ పై గది ఉబ్బినా అంతే. 1897లో ఆర్ట్‌నర్ అనే వైద్యుడు దీన్ని రాశాడు, రుమాటిక్ గుండెజబ్బు ఇంకా ఉన్న మన దేశంలో ఇది మరిచిపోకూడని సంగతి. జలుబూ దగ్గూ లేకుండా మూడు నాలుగు వారాలు దాటి గొంతు బొంగురుగానే ఉంటే మిరియాల కషాయంతో సరిపెట్టొద్దు, ఈఎన్‌టీ డాక్టరుకి చూపించండి. ఇది చదివే అందరికీ చెబుతున్నాను, ముఖ్యంగా పొగ తాగేవాళ్ళకి.

మీ అమ్మగారి దగ్గరికొద్దాం. గడ్డ కుడివైపు. కుడి నరం ఎడమదానికంటే కొంచెం ఏటవాలుగా, పక్క నుంచి లోపలికి వస్తుంది. దారిలో కింది థైరాయిడ్ ధమని దీనికి అడ్డం వస్తుంది. నరం కొందరిలో ధమని ముందు నుంచి, కొందరిలో వెనక నుంచి, కొందరిలో దాని కొమ్మల మధ్య నుంచి పోతుంది. స్వరపేటికలోకి వెళ్ళకముందే నరం రెండుగా చీలిపోయి ఉండవచ్చు. అప్పుడు ముందు వైపు కొమ్మే కండరాలని కదిలిస్తుంది, ఒకటి కనిపించింది కదా అని రెండోదాన్ని వదిలేస్తే ప్రమాదం. గ్రంథి వెనక వైపు జుకర్‌కాండల్ ముడి అని చిన్న ఉబ్బు ఉంటుంది, చాలాసార్లు నరం దాని కిందే దాక్కుని ఉంటుంది. నూటికి ఒకరికంటే తక్కువమందిలో కుడివైపు నరం అసలు కిందికే పోదు. సబ్‌క్లేవియన్ ధమని పుట్టుకతోనే వేరే దారిన, ఆహారనాళం వెనక నుంచి వచ్చి ఉంటుంది. తగులుకోవడానికి ధమని అక్కడ లేదు కాబట్టి నరం మెడలోనే వేగస్ నుంచి అడ్డంగా స్వరపేటికకి వచ్చేస్తుంది. మామూలు చోట నరం కోసం వెతుకుతూ, అడ్డంగా వచ్చిన దారాన్ని ధమని కొమ్మ అనుకుంటే తెగిపోతుంది. అందుకే కుడివైపు ఆపరేషన్‌లో నరం కనిపించేదాకా అడ్డంగా ఉన్నదేదీ కొయ్యకూడదని నేర్పిస్తాం.

ఒకప్పుడు నరానికి దూరంగా ఉండటమే దాన్ని కాపాడటం అనుకునేవారు. గ్రంథి వెనక భాగం కొంత వదిలేసి, నరం ఉండే చోటుకి పోకుండా వచ్చేసేవారు. 1938లో బోస్టన్ సర్జన్ ఫ్రాంక్ లాహీ తన బృందం చేసిన వేల ఆపరేషన్ల అనుభవంతో దీనికి ఎదురు చెప్పాడు. నరాన్ని ప్రతిసారీ వెతికి కళ్ళతో చూసుకుంటే దెబ్బలు తగ్గుతాయన్నాడు. ఇప్పుడు అందరూ అదే పద్ధతి. అంతకుముందు స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో థియోడర్ కోహర్ ఈ ఆపరేషన్‌నే ప్రాణాపాయం నుంచి బయట పడేశాడు. థైరాయిడ్ ఆపరేషన్ అంటే రక్తం పోయి చనిపోవడం అన్నట్టుండే కాలంలో, ప్రతి రక్తనాళాన్నీ ఓపిగ్గా కట్టుకుంటూ పోయి, 5,000కి పైగా ఆపరేషన్లు చేసి మరణాలని నూటికి ఒకటికంటే తక్కువకి దించాడు. 1909లో నోబెల్ బహుమతి వచ్చింది. మీకు ఇచ్చిన కాగితంలో ప్రాణానికి సంబంధించిన మాట కంటే గొంతు మాట ముందుండటానికి ఆయన పడిన శ్రమ ఒక కారణం.

నరానికి దెబ్బ తగిలితే ఏమవుతుంది? ఒక్కవైపే అయితే ఆ వైపు స్వరతంత్రి కదలదు. రెండోది వచ్చి దాన్ని ఆనుకోలేక మధ్యలో సందు ఉండిపోతుంది. మాట గాలి కలిసి వస్తుంది, నాలుగు మాటలకే ఆయాసం వస్తుంది, నీళ్ళు తాగితే పొలమారుతుంది, దగ్గులో బలం ఉండదు. రెండువైపులా దెబ్బ తగిలితే వ్యవహారం వేరు. రెండు తంత్రులూ మధ్యకి దగ్గరగా నిలిచిపోతాయి. మాట దాదాపు బాగానే ఉంటుంది, ఊపిరే ఆడదు. కాగితంలో ఊపిరి ఇబ్బంది అన్న మాటకి ఇది ఒక కారణం. మీ అమ్మగారికి కుడి సగమే తీస్తున్నారు, ఎడమ నరం జోలికి పోరు. కాబట్టి ఈ రెండో రకం ప్రమాదం ఎడమ స్వరతంత్రి ఇప్పుడు బాగా కదులుతుంటే లేనట్టే. బాగా కదులుతోందా లేదా అనేది ఆపరేషన్‌కి ముందే చూసి తీరాలి.

నరం తెగడం అరుదు. లాగినప్పుడు సాగడం, దగ్గరలో వేడి తగలడం, వాపు నొక్కడం ఎక్కువ. అలాంటివి చాలావరకు వారాల్లో, కొన్ని ఆరు నెలల్లోపు సర్దుకుంటాయి. శాశ్వతంగా ఉండిపోయేది అనుభవం ఉన్న చేతుల్లో నూటికి ఒకటి రెండు. అది జరిగినా దారులున్నాయి. స్పీచ్ థెరపీతో బాగున్న తంత్రి అవతలికి వచ్చి ఆనుకోవడం నేర్చుకుంటుంది. చాలకపోతే కదలని తంత్రిలోకి ఇంజెక్షన్ ఇచ్చి దాన్ని మధ్యకి జరపవచ్చు, బయటి నుంచి చిన్న ముక్క పెట్టి నెట్టే థైరోప్లాస్టీ కూడా ఉంది. ఇంకొక్క మాట. మత్తు ఇచ్చేటప్పుడు శ్వాసనాళంలో గొట్టం పెడతారు, అది స్వరతంత్రుల మధ్య నుంచే వెళ్తుంది. కొన్ని రోజులు గొంతు బొంగురుగా ఉండటం దానివల్లే చాలామందికి వస్తుంది. రెండో రోజు మాట పీలగా ఉందని నరం పోయిందనుకుని ఇంట్లో ఏడుపులు మొదలుపెట్టొద్దు.

ఇప్పటిదాకా చెప్పింది మామూలుగా మాట్లాడేవాళ్ళకి సరిపోతుంది. మీ అమ్మగారు పాడతారు కాబట్టి రెండో నరం గురించి చెప్పాలి, దీని గురించి మీ కాగితంలో బహుశా రాసి ఉండదు. వేగస్ మెడ పైభాగంలోనే ఇంకో కొమ్మనిస్తుంది, అది సుపీరియర్ లారింజియల్ నరం. అది మళ్ళీ రెండవుతుంది. లోపలి కొమ్మ స్వరపేటిక పైభాగానికి స్పర్శ ఇస్తుంది, మెతుకు పొరపాటున అటు పోబోతే దగ్గు తెప్పించి కాపాడేది అదే. బయటి కొమ్మ సన్నగా దిగి క్రైకోథైరాయిడ్ అనే ఒకే కండరానికి పోతుంది. ఆ కండరం బిగిస్తే పై మృదులాస్థికీ కింది ఉంగరానికీ మధ్య ఉన్న సందు మూసుకుంటుంది, స్వరతంత్రులు సాగి బిగుస్తాయి. తంబురా బిరడా తిప్పి తీగ బిగించినట్టే, శ్రుతి పైకి లేస్తుంది. మధ్య స్థాయి షడ్జం నుంచి తారస్థాయి పంచమానికి వెళ్ళేటప్పుడు పని చేసేది ముఖ్యంగా ఇదే.

ఈ బయటి కొమ్మ పై థైరాయిడ్ ధమనిని ఆనుకుని దిగుతుంది. కొందరిలో గ్రంథి కొసకి పైగానే లోపలికి తిరిగిపోతుంది, కొందరిలో కొసకి బాగా కిందిదాకా వస్తుంది. గ్రంథి పై కొసలో ధమనిని గుత్తంగా ఒకేసారి కట్టేస్తే ఇది కూడా ముడిలో చిక్కుకోవచ్చు. గ్రంథి పెద్దదై కొస పైకి పెరిగినప్పుడు ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. తెలివైన పద్ధతి ఏమిటంటే కొస దగ్గర ధమని కొమ్మల్ని విడివిడిగా, గ్రంథిని ఆనుకునే, ఒక్కొక్కటిగా కట్టుకోవడం. ఇది దెబ్బతింటే మామూలు మాటలో తేడా అంతగా తెలియదు. మాట్లాడగా మాట్లాడగా గొంతు అలిసిపోతుంది, కేక వెయ్యలేరు, పైస్వరాలు అందవు. పాడేవాళ్ళకి అది చిన్న నష్టం కాదు. ఈ నష్టాన్ని తగినంతగా పట్టించుకోలేదనేది మా వృత్తి మీద నాకున్న గట్టి ఫిర్యాదు. ఆపరేషన్ తరవాత స్వరతంత్రులు కదులుతున్నాయి, అంతా బాగానే ఉంది అని రాసేస్తారు. పాడే మనిషి నా స్వరం పోయింది అంటే అది మీ భ్రమ అంటారు. భ్రమ కాదు.

ఈ నరం గురించి చెప్పేటప్పుడు ఇటలీ ఒపెరా గాయని అమెలిటా గల్లీ-కూర్చీ పేరు వస్తుంది. 1935లో షికాగోలో ఆవిడకి పెద్ద థైరాయిడ్ వాపు తీశారు, తరవాత ఆవిడ పాట మునుపటిలా నిలవలేదు. ఈ బయటి కొమ్మకి ఆవిడ పేరే పెట్టి సర్జన్లకి హెచ్చరికగా చెబుతూ వచ్చారు. ఆవిడ గొంతు ఆపరేషన్‌కి కొన్నేళ్ళ ముందు నుంచే తగ్గుతూ వచ్చిందని, నరానికి దెబ్బ తగిలిందనడానికి రుజువు లేదని తరవాతి వైద్యులు వాదించారు. నాకూ ఆ వాదనే సబబనిపిస్తుంది. అయినా ఆ కథ చెప్పడం వల్ల ఎందరో సర్జన్లు పై కొస దగ్గర చెయ్యి నెమ్మది చేసుకున్నారు, అది మేలే.

అందుకని మీరు డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు మొదట చెప్పవలసిన మాట, ఆవిడ పాడతారని. అడగడానికి మొహమాటపడొద్దు, మంచి సర్జన్ ఈ సంగతి ముందే తెలిసినందుకు సంతోషిస్తాడు. ఆపరేషన్‌కి ముందు ముక్కులోంచి సన్నటి గొట్టం పంపి స్వరతంత్రుల కదలిక చూడమనండి. మాట మామూలుగా ఉన్నా ఒక తంత్రి కదలకుండా ఉండే వాళ్ళు ఉంటారు, అవతలిది సర్దుకోవడం వల్ల బయటికి తెలియదు. ఫోనులోనే ఆవిడ పాట కొంత రికార్డు చేసి పెట్టుకోండి, మంద్రం నుంచి తారం దాకా. తరవాత తేడా వచ్చిందా అన్న ప్రశ్న వస్తే అదే సాక్ష్యం. నరాన్ని గుర్తుపట్టే మానిటర్ వాడతారా అని అడగవచ్చు. మత్తు గొట్టం మీద ఎలక్ట్రోడులుంటాయి, సర్జన్ చిన్న కరెంటుతో నరాన్ని తాకితే స్వరతంత్రి కండరం స్పందించి శబ్దం వస్తుంది. బయటి కొమ్మని గుర్తించడానికి కూడా అది పనికొస్తుంది. అయితే యంత్రం ఉన్నంత మాత్రాన నరం క్షేమం కాదు, లేనంత మాత్రాన డాక్టరు పనికిరాడని కాదు. ఈ ఆపరేషన్ తరచుగా చేసే చెయ్యి కావడం అన్నిటికంటే ముఖ్యం. మీరు ఎన్ని చేస్తుంటారు అని గౌరవంగా అడిగితే ఎవరూ తప్పుపట్టరు.

కాల్షియం సంగతి చిన్నగా చెప్పి ముగిస్తాను, ఎందుకంటే మీ విషయంలో అది పెద్ద సమస్య కాదు. థైరాయిడ్ వెనక సాధారణంగా నాలుగు పారాథైరాయిడ్ గ్రంథులుంటాయి, ఒక్కొక్కటి 30 నుంచి 50 మిల్లీగ్రాములు, పసుపు కలిసిన గోధుమ రంగు, చుట్టూ ఉన్న కొవ్వులో కలిసిపోయి కనిపిస్తాయి. మనుషుల్లో వీటిని 1880లో స్వీడన్‌లోని ఉప్సాలాలో ఐవార్ శాండ్‌స్ట్రామ్ అనే వైద్య విద్యార్థి వివరించాడు. అంతకు ముందే లండన్ జూలో చనిపోయిన భారతీయ ఖడ్గమృగాన్ని కోసి చూస్తూ రిచర్డ్ ఓవెన్ అలాంటి గ్రంథిని గమనించాడు. రక్తంలో కాల్షియం నిలబెట్టేది ఇవే. వీటికి రక్తం ఎక్కువగా కింది థైరాయిడ్ ధమని నుంచే వస్తుంది కాబట్టి ఆ ధమనిని దూరంగా కట్టేస్తే ఇవి ఎండిపోతాయి. మొత్తం థైరాయిడ్ తీసినవాళ్ళకి పెదాల చుట్టూ, వేళ్ళ చివర్ల తిమ్మిర్లు రావడం ఇందుకే. సగమే తీస్తే అవతలి వైపు రెండూ భద్రంగా ఉంటాయి, సాధారణంగా అవి చాలు.

కాగితంలో ఊపిరి ఇబ్బంది అన్నదానికి రెండో కారణం రక్తం చేరడం. మెడ పొరల కింద చోటు ఇరుకు. ఆపరేషన్ తరవాత అక్కడ రక్తం ఊరితే సిరలు నొక్కుకుపోయి స్వరపేటిక లోపల వాపు వస్తుంది, నిమిషాల్లో ఊపిరి అందకపోవచ్చు. నూటికి ఒకరిలో వస్తుంది, ఎక్కువగా మొదటి రోజులోనే. ఆ రాత్రి ఆసుపత్రిలో ఉంచుకునేది అందుకే. మెడ ఉబ్బుతోందన్నా, కట్టు బిగుతుగా ఉందన్నా, ఊపిరి ఆడటం లేదన్నా నర్సుని వెంటనే పిలవండి, డాక్టరు రౌండ్‌కి వచ్చేదాకా ఆగొద్దు. అవసరమైతే మంచం మీదే కుట్లు విప్పుతారు, ప్రాణం నిలిపేది అదే.

ఉప్పు గురించి. గడ్డ వచ్చిందని ఇంట్లో అయొడైజ్డ్ ఉప్పు మానేసి సైంధవ లవణానికి మారామని రాశారు. తిరిగి మార్చండి. ఉన్న గడ్డ ఏ ఉప్పుతోనూ కరగదు. అయొడిన్ లేని ఉప్పు ఇంట్లో ఉన్న పిల్లలకీ, గర్భిణులకీ నష్టం. ఈ సంగతిని మన దేశంలో రుజువు చేసింది ఒక తెలుగువాడు. శ్రీకాకుళంలో 1921లో పుట్టి, విశాఖ ఆంధ్ర మెడికల్ కాలేజీలో చదివిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి, 1956లో హిమాచల్‌లోని కాంగ్రా లోయలో మొదలుపెట్టిన అధ్యయనంలో కొన్ని ప్రాంతాలకి అయొడిన్ కలిపిన ఉప్పు, ఒక ప్రాంతానికి మామూలు ఉప్పు ఇచ్చి చూశారు. అయొడిన్ అందిన చోట గళగండం, అంటే గాయిటర్ అనే థైరాయిడ్ వాపు, తగ్గింది. 1962లో దేశవ్యాప్తంగా మొదలైన గాయిటర్ నివారణ కార్యక్రమానికి ఈ పని ఆధారమైంది. మీ అమ్మమ్మ కాలంలో మెడకి వేలాడే గడ్డలు కొన్ని ఊళ్ళలో కనిపించేవి, ఇప్పుడు కనిపించకపోవడం వెనక ఆ ఉప్పు ఉంది.

మరి ఆగి చూడవచ్చా? బెథెస్డా 4 అంటే సూదిలో వచ్చిన కణాలు ఫాలిక్యులర్ రకం, వాటిని చూసి మామూలు గడ్డా కాన్సరా తేల్చలేరు. తేడా కణంలో ఉండదు, గడ్డ తన చుట్టూ ఉన్న పొరని చీల్చుకుని బయటికి వచ్చిందా లేదా అన్నదాంట్లో ఉంటుంది. అది తెలియాలంటే గడ్డని పొరతో సహా తీసి సూక్ష్మదర్శినిలో చూడాలి. ఇలా తీసినవాటిలో ఎక్కువ భాగం కాన్సర్ కాదనే తేలుతుంది, కానీ తియ్యకుండా ఆ మాట చెప్పలేం. 4 సెంటీమీటర్ల గడ్డకి కుడి సగం తీద్దామన్న మీ డాక్టరు సలహా నాకు సరైనదిగానే ఉంది. ఒక్క వారం ఆలస్యమైతే కొంప మునగదు, ఆ వారంలో స్వరతంత్రుల పరీక్షా రెండో డాక్టరు అభిప్రాయమూ పూర్తి చేసుకోండి. నెలల తరబడి కషాయాలతో గడపొద్దు.

ఆపరేషన్ అయ్యాక మొదటి రోజుల్లో ఆవిడ మామూలు గొంతుతోనే, తక్కువగా మాట్లాడితే చాలు. గుసగుసగా మాట్లాడితే గొంతుకి విశ్రాంతి అనుకుంటారు, అది నిజం కాదు. పాట మాత్రం డాక్టరు స్వరతంత్రులు చూసి సరే అన్నాకే మొదలుపెట్టాలి. నరాలన్నీ క్షేమంగా ఉన్నా స్వరపేటిక ముందున్న సన్నటి కండరాలు కొన్ని వారాలు చర్మానికీ శ్వాసనాళానికీ అతుక్కున్నట్టు బిగుసుకుంటాయి. పాడేటప్పుడు స్వరపేటిక స్వేచ్ఛగా పైకీ కిందికీ కదలాలి, అది కదలక పైస్వరాలు ఇబ్బంది పెడతాయి. సాధన మంద్రంలో మొదలుపెట్టి మెల్లగా ఎక్కించుకుంటూ పోతే రెండు మూడు నెలల్లో చాలామందికి వదులవుతుంది. అప్పటికీ తారస్థాయి అందకపోతే, ముందు రికార్డు చేసిన పాట పట్టుకుని, గొంతు సమస్యలే ప్రత్యేకంగా చూసే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్ళి క్రైకోథైరాయిడ్ కండరాన్ని పరీక్షించమని అడగండి.

ఆరు నుంచి ఎనిమిది వారాలకి థైరాయిడ్ సరిపోతోందో లేదో చెప్పే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష చేయించండి. సగం గ్రంథి తీసినవాళ్ళలో సుమారు ఐదుగురిలో ఒకరికి మిగిలిన సగం సరిపోక థైరాయిడ్ మాత్ర వేసుకోవలసి వస్తుంది. వస్తే పరగడుపున నీళ్ళతో వేసుకుని, కాఫీకి కనీసం అరగంట ఆగాలి. కాల్షియం, ఐరన్ మాత్రలు ఉంటే దానికి నాలుగు గంటల దూరంలో వేసుకోవాలి. బయాప్సీ రిపోర్టు వచ్చాక ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.